అత్తగారి మోకాళ్ళు, ఓడీ 18 నెంబరు ప్లేటు: మా కొత్త బండి సంగతి

మా పాత కారు అమ్మేయడానికి కారణం దాని ఇంజను కాదు, మా అత్తగారి మోకాళ్ళు. పదకొండేళ్ళ చిన్న కారది. ఇంకో నాలుగేళ్ళు నడిచేదే. కానీ అందులో కూర్చోవాలంటే ఆవిడకి బావిలోకి దిగినట్టుండేది, లేవాలంటే ఇద్దరం చెయ్యందించాలి. పార్వతీపురంలో మోకాళ్ళ డాక్టరుకి చూపించి తెచ్చేసరికి, ఆయన తగ్గించి పంపిన నొప్పిని బండి మళ్ళీ తెచ్చిపెట్టేది. దానికి తోడు ఆంధ్రా బార్డరు కూనేరు దగ్గర గోతుల్లో అడుగు భాగం రాసుకుంటూ చేసే చప్పుడు.

మాది ఒడిశాలో రాయగడ. మా ఆయనది మిల్లులో షిఫ్టు ఉద్యోగం. నాది బజారులో లేడీస్ టైలరింగ్, మ్యాచింగ్ సెంటరు. బండి ఎక్కువగా నడిపేది నేనే. ఇంటి నుంచి షాపు రెండు కిలోమీటర్లు. నెలకి రెండు మూడుసార్లు పార్వతీపురం పుట్టింటికి, రెండు నెలలకోసారి సరుకు కోసం విశాఖ, పిల్లల సెలవుల్లో లక్ష్మీపూర్ ఘాటు మీదుగా కోరాపుట్ వైపు. మా వాడకం ఇంతే. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఎవరికి ఏ బండి మంచిదన్నది బండిలో కన్నా ఈ లెక్కలోనే ఎక్కువ ఉంటుంది.

తొమ్మిది లక్షల్లో, నాలుగు మీటర్ల లోపు ఎస్‌యూవీ అనుకున్నాం. కొత్తదా, సెకండ్ హ్యాండా అని ఇంట్లో రెండు పార్టీలు. నేను సెకండ్ హ్యాండ్ పార్టీ. కొత్త బట్ట కత్తెర పడగానే సగం ధర అవుతుందని ఇరవై ఏళ్ళుగా చూస్తున్నదాన్ని. మొదటి మూడేళ్ళ తరుగు ఎవరో భరించాక మనం కొనుక్కుంటే సుఖం కదా అన్నది నా వాదన. పోయినేడాది ఆగస్టు నుంచి వెతకడం మొదలుపెట్టాం.

మొదట విశాఖ వెళ్ళాం. రాయగడలో సెకండ్ హ్యాండ్ బండ్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అక్కడ వరసకి వరస. 2019 మోడల్ డీజిల్ బండి ఒకటి, శుభ్రంగా ఉంది, 6 లక్షల 80 వేలన్నారు. అదే మా వైపు ఒడిశా నెంబరుతో ఉంటే ఎనభై వేలు ఎక్కువే చెప్తారు. నాకు ఆశ పుట్టింది. బ్రోకరు కూడా మంచి మాటకారి. "మీది బార్డరే కదమ్మా, ఏపీ నెంబరుతోనే తిప్పుకోండి, ఎవరడుగుతారు?" అన్నాడు.

అడుగుతారు. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని ఇంకో రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే అక్కడి నెంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను చెప్తోంది. చుట్టపుచూపుగా వచ్చి వెళ్ళే బండికి ఇబ్బంది లేదు. కానీ రాయగడలో మా గుమ్మం ముందు ఏడాది పొడుగునా ఉండే బండి చుట్టం ఎలా అవుతుంది? పైగా పేరు మార్చుకోవాలి కదా. నాది ఒడిశా అడ్రసు, ఒడిశా ఆధార్. అంటే పాత ఆర్టీవో నుంచి 28వ నెంబరు ఫారంతో ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, తేవాలి. బండి మీద లోన్ ఉండి ఉంటే, బ్యాంకు దగ్గర 35వ నెంబరు ఫారం మీద సంతకం పెట్టించి ఆ పేరు తీయించాలి. అమ్మకానికి 29, 30 ఫారాలు. ఆపైన బండి వయసుని బట్టి ఒడిశాలో రోడ్ ట్యాక్స్ మళ్ళీ కట్టాలి. ఆంధ్రాలో మొదటి ఓనరు కట్టిన లైఫ్ ట్యాక్సులో మిగిలిన ఏళ్ళది వాపసు అడగొచ్చు. కానీ అది ముందు కట్టి, తర్వాత అక్కడికి వెళ్ళి అడిగి తెచ్చుకునే డబ్బు. నేను కాగితం మీద లెక్క వేశాను: ట్యాక్సు, ఏజెంటు ఖర్చు, విశాఖకి మూడు తిరుగుళ్ళు, షాపు మూసిన రోజులు. ఎనభై వేల లాభం కాస్తా పది పన్నెండు వేలకి వచ్చింది. పండగ సీజన్లో షాపు వదిలి ఆ పది వేల కోసం ఆర్టీవో ఆఫీసు మెట్లు ఎక్కే ఓపిక నాకు లేదు.

మన బార్డర్ ఊళ్ళవాళ్ళందరూ, రాయగడ గానీ గుణుపూర్ గానీ పర్లాకిమిడి గానీ, ముందు చూడాల్సింది ఈ లెక్కే. అవతలి వైపు ధర చూసి సంతోషపడిపోవద్దు.

డీజిల్ సంగతి కూడా అక్కడే తేలిపోయింది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 (పొగ మీద కొత్త కట్టుబాట్ల) డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడు హైవే మీద బాగా వేడెక్కేలా కాసేపు ఏకధాటిగా పరుగెత్తాలి. రోజూ రెండు కిలోమీటర్లు వెళ్ళి ఆపేసే నాలాంటి వాళ్ళ చేతిలో అది పూడుకుపోతుంది. 2020కి ముందువైతే ఆ గొడవ చాలావాటికి లేదు గానీ, వాటి వయసు పెరిగిపోతోంది. మా మరిది వారానికి రెండుసార్లు విశాఖ వెళ్ళొస్తాడు, అతనికి డీజిలే సరి. నాకు కాదు.

రెండోది చెప్పడానికి ఇప్పటికీ కాస్త సిగ్గుగానే ఉంది. ఆ బండికి అప్పటికే ఒడిశా నెంబరు పడి ఉంది. ధర తక్కువ, లోపల సీట్ కవర్లు కొత్తవి, మల్లెపూల సెంటు ఘుమఘుమ. నేను దాదాపు ఒప్పేసుకున్నాను. మా మిస్త్రీ ఒడియా అబ్బాయి, తెలుగు నాకన్నా వేగంగా మాట్లాడతాడు. బండి చుట్టూ తిరగలేదు, బానెట్ ఎత్తలేదు. వెనక సీటులో కూర్చుని సీటు బెల్టు చివరిదాకా లాగాడు. రోజూ చేతికి వచ్చే ముక్క నల్లగా నిగనిగలాడుతోంది. లోపల చుట్టుకుని ఉండే చివరి మూర మీద మాత్రం గోధుమ రంగు చార.

"దీదీ, ఈ బండి నీళ్ళు తాగింది" అన్నాడు.

తర్వాత స్టెప్నీ ఎత్తితే దాని కింద గుంటలో ఎండిన ఒండ్రు. ఆరా తీస్తే బండి విజయవాడ నుంచి వచ్చిందట. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఊరు మునిగినప్పుడు ఎన్ని వేల బండ్లు నీళ్ళలో ఉన్నాయో మనం టీవీలో చూశాం. అవన్నీ ఎక్కడికో ఒకచోటికి వెళ్ళాలి కదా. ఆ బండి ఏ కంపెనీదో, అమ్మజూపింది ఎవరో చెప్పను. సీటు కవర్లు మార్చొచ్చు, కార్పెట్ మార్చొచ్చు, బెల్టు చివరి మూర ఎవరూ ఉతకరు. ఇరవై ఏళ్ళు బట్టలతో బతికి, మరక చూడ్డం నాకు ఇంకొకరు నేర్పాల్సి వచ్చింది.

మూడోది మా ఊళ్ళోదే, అసలు టెన్షన్ దీనితోనే. బ్యాంకులో పనిచేసే ఆయన ట్రాన్స్‌ఫర్ మీద వెళ్తూ అమ్ముతున్నారు. ఓడీ 18, అంటే మా రాయగడ నెంబరే. 2021 టాటా నెక్సాన్ పెట్రోల్, ఒకే ఓనరు, 34 వేల కిలోమీటర్లు. టైరు పక్కన ముద్రించే నాలుగంకెలు చూశాం. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ ఏడాది. నాలుగు టైర్లూ 2021వే, అరుగుదలా కిలోమీటర్లకి సరిపోయింది. ఇన్సూరెన్సు కాగితంలో మాత్రం నో క్లెయిమ్ బోనస్, అంటే ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, సున్నా ఉంది. క్లెయిమ్ లేకుండా గడిస్తే అది ఏటేటా 20, 25, 35, 45, 50 శాతం పెరుగుతూ పోవాలి. నాలుగేళ్ళ బండికి సున్నా ఉందంటే కిందటేడాది ఏదో తగిలిందన్నమాట. అడిగితే ఆయన దాచలేదు, గేటు స్తంభానికి తగిలి బంపరు, హెడ్‌లైటు మార్పించానన్నారు, బిల్లు చూపించారు. అలాంటి మనిషి దగ్గరే కొనాలి. ఇంకో మాట, ఆ బోనస్ బండితో పాటు రాదు, ఓనరు దగ్గరే ఉండిపోతుంది. సెకండ్ హ్యాండ్ కొంటే అమ్మినవాళ్ళ బోనస్ మన ప్రీమియానికి పనికిరాదు.

7 లక్షల 60 వేలు చెప్పారు. నేను 7 లక్షల 20 వేల దాకా సిద్ధమే. ఇంతలో జీఎస్టీ మారింది.

2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు బండ్లలో 1200 సీసీ లోపు పెట్రోలుకి, 1500 సీసీ లోపు డీజిలుకి జీఎస్టీ 18 శాతమయింది. అంతకుముందు సెస్సుతో కలిపి పెట్రోలుకి 29, డీజిలుకి 31. నెక్సాన్ మీద వేరియంటును బట్టి గరిష్టంగా లక్షా 55 వేల దాకా తగ్గిస్తున్నట్టు కంపెనీ ప్రకటించింది. అప్పట్లో షోరూము ధర 7 లక్షల 32 వేల దగ్గర మొదలు. నేను ఆ రేట్ల కాగితం పట్టుకుని బ్యాంకు ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆయన "నేను కొన్నది పది లక్షల నలభైకి అమ్మా" అన్నారు. బాధ అర్థమైంది. కానీ మిల్లులో బట్ట రేటు తగ్గిన రోజున నా అలమరలో పాత స్టాకు రేటూ తగ్గుతుంది. నేనెంతకి కొన్నానో కస్టమరుకి అనవసరం. సెకండ్ హ్యాండ్ బండి ధర కట్టాల్సింది ఇవాళ్టి కొత్త బండి ధర నుంచి వెనక్కి, అమ్మేవాడి పాత బిల్లు నుంచి కాదు. ఆయన 7 లక్షల 40 వేల దగ్గర ఆగిపోయారు.

మా ఆయన, అంటే కొత్త బండి పార్టీ, ఆ రోజు రాత్రి ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "ఆ బండిలో ఎయిర్‌బ్యాగులెన్ని?"

రెండు. ముందు ఇద్దరికీ. 2018 డిసెంబరులో, కార్లని ఢీకొట్టించి భద్రత చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఐదు స్టార్లు తెచ్చుకున్న మొదటి మన దేశపు కారు నెక్సానే. అందుకే నాకు ఆ బండంటే ధైర్యం. కానీ ఆ స్టార్లు అప్పటి పరీక్షవి. తర్వాత పరీక్షలే కఠినమయ్యాయి, పక్క నుంచి తగిలే దెబ్బని కూడా లెక్కలోకి తీసుకున్నారు. 2023లో మారిన నెక్సాన్‌లో అన్ని వేరియంట్లలోనూ ఆరు ఎయిర్‌బ్యాగులు. 2024 ఫిబ్రవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్‌లోనే పెద్దలకీ పిల్లలకీ కూడా ఐదు స్టార్లు వచ్చాయి. పేరొకటే, స్టార్లూ ఐదే, బండి మాత్రం ఒకటి కాదు. వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చునేది మా పిల్లలు. అక్కడితో నా పార్టీ ఓడిపోయింది. ఇంకో చిన్న లాభం, 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు పడేలా 2023 తర్వాతి ఇంజన్లు తయారై వస్తున్నాయి. పాతదానికి ఆ చింత ఉంటుంది.

కొత్తదే అని తేలాక కూడా నెక్సానే అని ముందే ఒట్టు పెట్టుకోలేదు. షోరూము టెస్ట్ డ్రైవ్ మీద నాకు నమ్మకం లేదు. సాఫీ రోడ్డు మీద, ఏసీ వేసి, పక్కన సేల్స్ అబ్బాయి కబుర్లు చెప్తుంటే ఏ బండైనా బాగానే ఉంటుంది. అందుకే చుట్టాల బండ్లు అడిగి తీసుకుని, ఐదుగురం ఎక్కి, డిక్కీలో రెండు బట్టల మూటలు వేసి లక్ష్మీపూర్ ఘాటు ఎక్కాం. లోడు లారీ వెనక రెండో గేరులో పాక్కుంటూ వెళ్తున్నప్పుడే బండి అసలు స్వభావం తెలుస్తుంది.

మా బావగారి మారుతి బ్రెజ్జా నాకు బాగా నచ్చింది. అద్దాలు పెద్దవి, ఎదర రోడ్డంతా కనబడుతుంది, 1462 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజను వెన్నలా తిరుగుతుంది. ఇంజనులోకి గాలి ఎక్కువ తోసి బలం పెంచే టర్బో లేదు కాబట్టి ఘాటులో గేరు తగ్గిస్తూ తొక్కాలి. అయితే ఎంత తొక్కితే అంత కదులుతుంది, ఆశ్చర్యాలుండవు. దాని చిక్కల్లా పన్ను దగ్గర: పొడుగు నాలుగు మీటర్ల లోపే అయినా, ఇంజను 1200 సీసీ దాటింది కాబట్టి 18 కాదు, 40 శాతంలో ఉంది. మాకు బడ్జెట్ అక్కడ అందలేదు. తోడికోడలి తమ్ముడి హ్యుందాయ్ వెన్యూ టర్బో దానికి పూర్తిగా వేరే మనిషి. 998 సీసీయే గానీ 120 గుర్రాలు. టర్బో అందుకునేదాకా నిదానం, ఆ తర్వాత పరుగు. కుర్రాళ్ళకి సరదా. మలుపులో లారీ వెనక నాకు ఆ పరుగు అక్కర్లేదు. మా తమ్ముడు పాత ఎకోస్పోర్ట్ కొనమని పోరాడు, బండి గట్టిదన్న మాట నిజమే, కానీ ఫోర్డ్ 2021లోనే ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు చెప్పేసింది. రాయగడలో కూర్చుని దాని సామాన్ల కోసం ఎదురుచూడ్డం నా వల్ల కాదు.

ఇక మోకాళ్ళ పరీక్ష. నేను మెడలో టేపుతోనే షోరూములకి వెళ్ళాను, నవ్వారు, నవ్వనీ. మా అత్తగారు ఇంట్లో హాయిగా కూర్చుని లేచేది నవారు మంచం మీద. కింద కూర్చోలేరు, స్టూలు మీద కాళ్ళు వేలాడితే వాస్తాయి. బండి సీటు అంచు ఆవిడ తొడ వెనక్కి సరిగ్గా తగిలితే, వెనక్కి వాలి కూర్చుని కాళ్ళు లోపలికి తిప్పుకోవచ్చు. అంతకన్నా కిందుంటే దిగాలి, పైనుంటే ఎక్కాలి. బండికీ బండికీ తేడా రెండంగుళాలే వచ్చింది. జాకెట్టు చేతికి రెండంగుళాలు తేడా వస్తే ఏమవుతుందో నాకు తెలుసు, మోకాలికీ అంతే. సీటు ఎత్తొక్కటే కాదు, తలుపు కింది గడప ఎంత వెడల్పుంది, తలుపు ఎంత తెరుచుకుంటుంది అన్నవి కూడా కొలవాలి. వీటిని ఏ బ్రోచరూ రాయదు. అందులో ఉండేదల్లా గ్రౌండ్ క్లియరెన్స్. నెక్సాన్‌కి 208 మిల్లీమీటర్లు. మా ఆయనకి ఆ అంకె ముద్దు, కూనేరు గోతులు తలుచుకుని. కానీ కింద ఖాళీ పెరిగే కొద్దీ గడపా పైకి లేస్తుంది. కొడుక్కి నచ్చిన అంకె తల్లికి శత్రువు. మా అత్తగారు బండి ముందు నిలబడి "ఏటే ఇది, బండా, మేడా?" అన్నారు.

అయినా అదే తీసుకున్నాం, ఒడిశాలోనే, దీపావళి ముందు. కింది నుంచి రెండో వేరియంటు, మాన్యువల్ గేరు, 1199 సీసీ టర్బో పెట్రోలు. సన్‌రూఫ్ వద్దన్నాను. రాయగడ ఎండలో నెత్తి మీద అద్దం ఎందుకు? పిల్లలు ఇప్పటికీ అలుగుతారు. బేరం దగ్గర ఒక జాగ్రత్త: వేరే కంపెనీ షోరూము ఒకదానిలో మ్యాట్లు, మడ్‌ఫ్లాప్‌లు, ఏదో కోటింగు అని 38 వేల బిల్లు తప్పనిసరి అన్నారు. తప్పనిసరి ఏమీ కాదు. ఇన్సూరెన్సు కూడా వాళ్ళ దగ్గరే తీసుకోవాలన్న రూలు లేదు. బయట కొటేషను చూపిస్తే, మేం కొన్నచోట పదకొండు వేలు తగ్గించారు. మజ్జిగౌరమ్మ గుడి దగ్గర పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చాం.

నాలుగు నెలల్లో 4,600 కిలోమీటర్లు తిరిగాం. ఊళ్ళో లీటరుకి పన్నెండున్నర, పార్వతీపురం రోడ్డు మీద పదహారు దాకా ఇస్తోంది. ఆంధ్రాలో పెట్రోలు ధర ఎక్కువ కాబట్టి కూనేరు దాటకముందే ట్యాంకు నింపుకోవడం మా వైపు అందరికీ అలవాటే. మూడు సిలిండర్ల ఇంజను కాబట్టి ఆగి ఉన్నప్పుడు స్టీరింగు మీద సన్నటి అదురు తెలుస్తుంది, కుట్టు మిషను మీద చెయ్యి పెట్టినట్టు. నాకది అలవాటైన అదురే. ఘాటులో రెండో గేరు చాలు, ఆపి మళ్ళీ ఎక్కించేటప్పుడు వెనక్కి జారకుండా కాసేపు అదే పట్టుకుంటుంది, హ్యాండ్ బ్రేకుతో పాట్లు లేవు. గోతుల్లో ఒక్కసారి కూడా అడుగు తగల్లేదు. డిక్కీ 382 లీటర్లని కాగితం మీద ఉంది. నా లెక్కలో అయితే విశాఖ నుంచి తెచ్చే ఆరు లైనింగు తానులు, ఒక ఫాల్స్ పెట్టె, పిల్లల బ్యాగులు. వెనక ముగ్గురు కూర్చోవచ్చు, ఆ ముగ్గురిలో ఒకరు పిల్లలైతేనే సుఖం.

మేడ ఎక్కే సమస్యకి పరిష్కారం మా షాపు పక్క వడ్రంగి చేశాడు. ఆరంగుళాల ఎత్తు టేకు పీట, అడుగున జారకుండా రబ్బరు ముక్క, మోయడానికి తాడు పిడి. 350 రూపాయలు. దాని మీద ఒక కాలు వేసి, వెనక్కి వాలి కూర్చుని, కాళ్ళు తిప్పుకోవడం ఆవిడకి రెండు రోజుల్లో వచ్చేసింది. గుడి దగ్గర నలుగురిలో పీట వేస్తే మొదట్లో చిన్నతనంగా ఉందన్నారు. సంక్రాంతికి పార్వతీపురం వెళ్ళినప్పుడు అక్కడ మా పెద్దత్తగారు దాని మీద కాలు పెట్టి చూసి, "ఇది నాకు ఉంచేయండి, మా వాడి బండీ ఇంతే ఎత్తు" అన్నారు. ఉంచేశాం. వడ్రంగికి ఇంకోటి చెప్పాను, ఈసారి టేకు దొరకలేదని నాలుగు వందలు అడుగుతున్నాడు.